మేకపిల్ల తిన్న ఇరవై రెండు పేజీలు

మా తాత మల్సూర్ రాత చూస్తే బురదలో మంద నడిచిపోయినట్టు ఉంటుంది. అక్షరాలన్నీ ఒకవైపు ఒరిగి, ముందున్నదాని తోక వాసన చూస్తూ వెనకది నడుస్తుంటుంది. నేను ఏడో తరగతితోనే బడికి దండం పెట్టినదాన్ని. అయినా నీకంటే నా రాతే నయమని ఆయన బతికున్నప్పుడు ఎన్నోసార్లు అన్నాను. తాత కోపం తెచ్చుకునేవాడు కాదు. కుడిచేతి బొటనవేలు చూపించేవాడు. అది నడుమ కణుపు దగ్గర బయటికి వంగి, ఎవరికో దారి చెబుతున్నట్టు ఉండేది.

"దీన్నడుగు," అనేవాడు.

వేలు చెప్పదు కాబట్టి మా నాయనమ్మ సోమమ్మ చెప్పింది. కొంత, తాతతో కలిసి మంద కాసిన జానయ్య తాత చెప్పాడు. మిగిలింది తాతే చెప్పాడు. అయితే తాత చెప్పినదాంట్లో సగం తీసేసి నమ్మాలని నాయనమ్మ అప్పుడే హెచ్చరించింది.

మా ఊరు చివ్వెంలకు కోసెడు దూరం. తాతకు నూటా ఇరవై జీవాలు, ఎక్కువ గొర్రెలు, కొన్ని మేకలు. కోతలయ్యాక రైతులు తమ చేలలో మంద పెట్టించుకునేవాళ్లు. జీవాలు చేలో పడుకుంటే ఆ పెంటకు నేల బలపడుతుంది. మంద పెట్టినందుకు గొల్లలకు గింజలు కొలిచేవాళ్లు. ఒక ఏడు రామనర్సయ్య పంతులు చేలో మంద పెట్టి, మా తాత గింజలు వద్దన్నాడు. అక్షరాలు చెప్పమన్నాడు. అప్పటికి ఆయనకు ఇరవై అయిదేళ్లు, పెళ్లయి మూడేళ్లు. వట్టి సంచితో ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి నాయనమ్మ పొయ్యి మీద కుండ దించేసిందట.

"గింజలు తెమ్మంటే గీతలు తెచ్చినవా? అయితే అవ్వే ఉడకబెడ్త, తిను," అందట.

రామనర్సయ్య పంతులు ఊళ్లో చిన్న బడి నడిపేవాడు. తన ఇంటి అరుగు మీద ఒక చెక్కపెట్టె, అందులో ఇరవై రెండు పుస్తకాలు, పక్కన రెండు రోజులు ఆలస్యంగా వచ్చే పేపరు. అదే మా ఊరి పఠనాలయం. నిజాం ఏలుబడి చివరి రోజులవి. నలుగురు ఒకచోట కూర్చుని తెలుగు పుస్తకం విప్పితే, లోపల ఏముందని ఎవరూ అడగరు, ఎందుకు కూర్చున్నారని అడుగుతారు. నలభై ఏడు చివర్లో, చలి ముదిరిన వారంలో, మా ఊరి పోలీసు పటేలు ఆ పెట్టెకు తాళం వేయించాడు. మర్నాడు పొద్దున పుస్తకాలన్నీ చావడికి తెచ్చి అప్పగించాలని పంతులుకు కబురు చేశాడు.

పంతులు పెట్టె వెనక చెక్క ఊడదీసి, పుస్తకాలను పాత గొంగడి ముక్కలో మూటగట్టి మా తాత దగ్గరికి తెచ్చాడు. పటేలుకు తాళంతో సహా ఉత్త పెట్టె మిగిలింది.

"ఇండ్లల్ల పెడితే ఇల్లు సోదా జేస్తరు. నీ మంద ఇయ్యాల ఈడ, రేపు ఆడ. నువ్వే మోయాలె మల్సూరూ," అన్నాడు.

తాత భయపడ్డాడు. ఆ సంగతి ఆయనెప్పుడూ దాచలేదు. ఎక్కడన్నా గుట్ట బండల్లో పాతిపెడతానన్నాడు.

"దాసిపెట్టమని ఇస్తలేను. దాసిన పుస్తకం, కాలిన పుస్తకం రెండొక్కటే. పోయిన కాడల్లా సదివి ఇనిపియ్యి. ఒక్క కాగితం పోకుండ మల్ల నా చేతుల పెట్టాలె."

తాత సరేనన్నాడు. మూడో రోజు పంతులును జైలుకు తీసుకుపోయారు. నాలుగో రోజు తాత, జోడీ గొల్ల జానయ్య కలిసి మందను మోతె వైపు మళ్లించారు. వంట సామాను, గొర్రెపిల్లలను కమ్మే పెద్ద గంప, గొంగడి మూట గాడిద మీద. నాయనమ్మ నాలుగు నెలల కడుపుతో ఇంట్లో.

*

మధ్యాహ్నం ఎండకు మంద మేత మాని అడ్డం పడుతుంది. తలలు ఒకదాని కడుపు కింద ఒకటి దూర్చి, రెండు గడియలపాటు కదలదు. కాపరికి దొరికే తీరిక అదే. తాత ఆ తీరికలో చదివేవాడు. మంద పెట్టిన చేను రైతు వచ్చి కూర్చునేవాడు. తర్వాత పక్క చేను రైతు, కూలికొచ్చిన ఆడవాళ్లు. ఎవరన్నా దారిన పోతూ ఏందది అనడిగితే జానయ్య, జీవాల మందుల చిట్టా అని చెప్పేవాడు.

మోతె దగ్గర సక్కుబాయి అనే ఆమె చేలో పది రోజులు మంద పెట్టారు. మొగుడు పోయిన మనిషి, ఎకరంనర మెట్ట చెలక. అక్కడ తాత చదువుతున్నది ఒక రైతు కూతురి కథ. దొర ఆ పిల్లను కోటలాంటి తన గడిలో చాకిరికి తీసుకుపోతాడు. వాళ్ల నాయన ఎంత తిరిగినా గడి తలుపు తెరుచుకోదు. సక్కుబాయి మొదటి రోజు దూరంగా కూర్చుని కంది కట్టెలు విరుస్తూ విన్నది. రెండో రోజు కట్టెలు పక్కన పెట్టింది. నాలుగో రోజు నుంచి రొట్టెలు తెచ్చి, తాత తినేదాకా ఆగి, చదవమనేది.

ఆమె కూతురు పద్మమ్మను మూడేళ్ల కింద మిర్యాలగూడెం అవతల ఒక గడికి పంపారని జానయ్య ఎవరి దగ్గరో విన్నాడు. పంపారు అంటే తీసుకుపోయారు. మొదటి ఏడు పండగకు వస్తుందన్నారు. రెండో ఏడు మళ్లీ వస్తుందన్నారు. మూడో ఏడు ఈమె పోతే వాకిట్లోంచే వెళ్లగొట్టారు.

తాతకు అక్కడే చిక్కొచ్చింది. ఆయన ఆ పుస్తకం అంతకుముందే రెండుసార్లు చదివాడు. చివర్లో పిల్ల గడి బావిలో దూకుతుంది.

"ఆ పిల్ల బయటికొస్తదా తమ్మీ?" అని సక్కుబాయి తొమ్మిదో రోజు అడిగింది.

"రేపు సదువుకుందాం అక్కా," అన్నాడు తాత.

ఆ రేపు పొద్దున్నే బండ్లబాట మీద గుర్రాల దుమ్ము లేచింది. మా ఊరి పోలీసు పటేలు, వెంట ఇద్దరు జవాన్లు. పుస్తకాల సంగతి ఎవరో చెప్పారు. ఎవరో నాయనమ్మకు తెలుసు గానీ చెప్పదు.

సోదా అంటే మొదట గాడిద బరువు దింపిస్తారని తాతకు తెలుసు. మూట తీసి, గంప కింద మూడు మేకపిల్లలున్న చోట తోశాడు. ఆ రోజు చదవాల్సిన పుస్తకం మూటలో లేదు, చేతిలో ఉంది. దాన్నీ అలాగే గంప కిందికి జార్చాడు. గొల్లవాడు తప్ప ఇంకెవడూ అలా చేయడు. ఏ వస్తువును కాపాడాలన్నా, పిల్లను కాపాడినట్టు గంప కింద కమ్మేయడమే అతనికి తెలుసు. గంప కింద ఉన్నవి మేకపిల్లలని, వాటికి ఆకలని ఆ క్షణంలో తోచలేదు.

పటేలు పుస్తకాలేవన్నాడు.

"గొర్లకాడ పుస్తకాలెందుకు దొరా, వీటికి యాడ సదువొస్తది?" అన్నాడు తాత.

జానయ్య నవ్వాడు. అదే తప్పయింది. ఒక జవాను తాత చేతిని గాడిద జీను మీద పెట్టించి, తుపాకి మడమతో కొట్టాడు. బొటనవేలు అప్పుడు విరిగింది. రెండో జవాను గిన్నెలు తన్నాడు, గొంగళ్లు దులిపాడు, గంప దగ్గరికి వచ్చి అంచు పట్టుకున్నాడు. పారుడు రోగం పట్టిన పిల్లలు, ముట్టుకుంటే అంటుకుంటుంది అని జానయ్య ఈసారి నవ్వకుండా చెప్పాడు. లోపలి కంపు ఆ మాటకు సాక్ష్యం పలికింది. జవాను ముక్కు మూసుకుని అంచు వదిలేశాడు. పోతూ పోతూ పటేలు నాలుగు పొట్టేళ్లను తోలుకుపోయాడు. ఆ మంద మళ్లీ మా ఊరి పొలిమేరలో కనిపిస్తే మొత్తం బందెలదొడ్డిలో పెట్టిస్తానన్నాడు.

దుమ్ము అణిగాక తాత గంప లేపాడు. మూట మూటలాగే ఉంది. ఆ ఒక్క పుస్తకం అట్ట మీద మేకపిల్ల నిలబడి, చివరి కాగితం నములుతున్నది. పదకొండు ఆకులు లేవు. తుపాకి నుంచి పుస్తకాన్ని కాపాడిన మా తాత మేకపిల్ల నుంచి కాపాడలేకపోయాడు. ఈ ముక్క చెప్పి నేను నవ్వితే ఆయనా నవ్వేవాడు. నాయనమ్మ మాత్రం నవ్వేది కాదు. ఆమెకు ఆ కబురు వేలు విరిగిందని మాత్రమే చేరింది. ఎవరి వేలు, ఎన్ని వేళ్లు, మనిషి ఉన్నాడా అని తెలియడానికి ఇరవై రోజులు పట్టింది.

సక్కుబాయి వచ్చి తాత వేలికి వెదురు బద్ద కట్టింది. కథ సంగతి అడగలేదు. మంద వెంటనే కదిలింది.

*

కోదాడ అంగట్లో తాత ఒక సన్నని నోటుబుక్కు, సిరాబుడ్డి, పాళీ కొన్నాడు. అక్కడి దుకాణదారుది కృష్ణ అవతలి మాట. "లెక్కలు రాసుకోవడానికా అండీ?" అని అడిగాడట. తనను అండీ అన్న మొదటి మనిషని తాత ఆయన్ను చాలా ఏళ్లు తలుచుకున్నాడు.

తిన్నవి పదకొండు ఆకులు, అంటే ఇరవై రెండు పేజీలు. తాత తనకు తానే ఒక పందెం కట్టుకున్నాడు. రోజుకో పేజీ. మంద అడ్డం పడ్డాక మొదలుపెట్టాలి, మంద లేచేలోపు అయిపోవాలి. కొట్టివేత ఉండకూడదు, కాగితం చించకూడదు. ఒక్క రోజు తప్పినా మొత్తం ఓడినట్టే. ఓడితే ఎవరికి ఏమివ్వాలని జానయ్య అడిగాడు. అది ఆలోచించలేదన్నాడు తాత.

బొటనవేలికి బద్ద ఉంది కాబట్టి పాళీని చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య ఇరికించాడు. మొదటి రోజు నాలుగు వరుసలయ్యేసరికి చెమట పట్టిందట, గొర్రెలు లేచాయట. జానయ్య వాటికి అడ్డంగా పడుకుని ఇంకో గడియ ఆపాడు. అది పందెంలో చెల్లుతుందా అని వాళ్లిద్దరూ సాయంత్రం దాకా తగాదాపడ్డారు.

అయిదో రోజు నుంచి తాతకు ఒక సంగతి తెలిసింది. రేపటి పేజీ ఇవాళ నడుస్తుంటేనే తయారవుతుంది. జీవాల వెనక నడుస్తూ ఒక్కో మాట గట్టిగా అని చూసేవాడు. బాగుంటే కర్ర తిప్పేవాడు. మేత మీదున్న గొర్రె ఆ మాటకు తల ఎత్తితే ఉంచేవాడు, ఎత్తకపోతే మార్చేవాడు. మనిషికి దయ్యం పట్టిందని జానయ్య మిర్యాలగూడెం దాకా అందరికీ చెప్పాడు. ఆ ఎండల్లో పదిహేడు గొర్రెపిల్లలు చచ్చాయి. ఊరికి పోయే దారి లేదు, నాయనమ్మ నెలలు నిండుతున్నాయి. అయినా ఆ ఇరవై రెండు రోజులంత సంతోషంగా తానెన్నడూ లేనని తాత ఒకసారి నోరు జారాడు. నాయనమ్మ పది రోజులు మాట్లాడలేదు.

ఎంత గుర్తున్నది రాశాడు, ఎంత కల్పించాడు అంటే మొదటి పన్నెండు పేజీలు గుర్తున్నవే. పదమూడో పేజీలో పిల్ల బావి దగ్గరికి వస్తుంది. అక్కడ తాత చెయ్యి ఆగింది. సక్కుబాయి ముందు ఈ పేజీ చదవాలి. పిల్ల బావి గట్టు మీద కాలు పెట్టిన చోట, అవతల ఒక మంద పోతున్నట్టు రాశాడు. తోక తెల్లది, చెవి బొల్లిది, కుంటి కాళిది అని ఒక్కో జీవానికి పేరుపెట్టి, దాదాపు ఒక పేజీ నింపాడు. కాపరి గొంగడి ఇస్తాడు. పిల్ల అది కప్పుకుని మంద నడుమ వంగి నడుస్తూ గడి గోడ దాటిపోతుంది. ఇరవై రెండో పేజీలో ఆ పిల్ల తన తల్లి వాకిట్లో నిలబడి నీళ్లడుగుతుంది.

ఉన్ని దారంతో ఆ ఆకులను పుస్తకానికి కుట్టాడు. తొలకరికి మందను వెనక్కి మళ్లిస్తూ, మా ఊరి పొలిమేర తొక్కకుండా, మోతెలో ఆగి చదివాడు. సక్కుబాయి ఆసాంతం విన్నది. తర్వాత, "గట్లనా. మంచిగైంది," అంది.

మర్నాటి నుంచి ఆమె పొద్దున పూట బండ్లబాట దగ్గర కూర్చుంటున్నదని ఊళ్లోవాళ్లు చెప్పారు. ముంత నిండా నీళ్లు పెట్టుకుని కూర్చుంటున్నదట.

*

మా నాయన పుట్టి నాలుగు నెలలయ్యాక నిజాం ప్రభుత్వం పోయింది. ఇండియా మిలటరీ వచ్చింది. పటేలు చుట్టాలింటికని పోయి చాన్నాళ్లు రాలేదు. రామనర్సయ్య పంతులు జైలు నుంచి సగం మనిషై వచ్చాడు. తాత గొంగడి మూట విప్పి, ఇరవై రెండు పుస్తకాలూ ఆయన చేతుల్లో పెట్టాడు. పంతులు ఒక్కొక్కటి తిప్పి చూసి, ఆ పుస్తకం దగ్గర ఆగాడు. అరుగు మీదే కూర్చుని, కుట్టిన పేజీలు మొత్తం చదివాడు.

"ఈ పిల్ల బతుకుడేంది?" అన్నాడు.

తాత మేకపిల్ల సంగతి, సక్కుబాయి సంగతి చెప్పాడు.

"అది సావాలె మల్సూరూ. అది సచ్చినందుకే సదివినోనికి కడుపు మండాలె. వాళ్లు పుస్తకాలు గుంజుకుంటే నేను జైలుకు వోయిన. నువ్వు లోపల రాసిందే మార్చినవ్. వాళ్లకూ నీకూ ఫరకేంది?"

"సదువ నోరు రాలేదు పంతులూ."

"నోరు రాకుంటే సదువకు. అబద్ధం చెప్పకు. గా మనిషి రోడ్డు మీద కూసున్నది, ఎవని మాట మీద కూసున్నది?"

పంతులు చాకుతో ఉన్ని దారం కోసి, ఆ పదకొండు ఆకులు తాతకు తిరిగిచ్చాడు. చివర లేకపోయినా తన పుస్తకం అలాగే ఉంటుందన్నాడు. పోయి సక్కుబాయికి నిజం చెప్పమన్నాడు. తాత ఆ ఆకులను గొంగడి మడతలో పెట్టుకున్నాడు. మోతెకు పోలేదు. రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ సగం దారిలో మంద మళ్లించాడు.

అరుగు మీద పెట్టెకు కొత్త తాళం, తాళానికి చెవి, చెవి అందరికీ కనిపించేలా మేకుకు. అలా మూడు నెలలు. నలభై తొమ్మిది మొదట్లో ఊళ్లోకి మిలటరీ సోదా వచ్చింది. సంఘపోళ్ల కోసం, అంటే కమ్యూనిస్టుల కోసమన్నారు. వచ్చినవాళ్లకు తెలుగు రాదు. ఏ పుస్తకంలో ఏముందో తేల్చుకోలేక, ఎర్ర అట్టలు ఒక కుప్ప, మిగిలినవి ఒక కుప్ప పెట్టి, చివరికి రెండు కుప్పలకూ ఒకే అగ్గిపుల్ల గీశారు. పంతులు అరుగు మీద నిలబడి చూశాడు. ఇరవై రెండూ కాలాయి.

మూడో రోజు మధ్యాహ్నం పంతులు మంద దగ్గరికి వచ్చాడు. జీవాలు అడ్డం పడి ఉన్నాయి. ఆయన నేల మీద కూర్చుని కొంతసేపు గడ్డి పీకాడు.

"అవి ఉన్నయా?" అనడిగాడు.

తాత గొంగడి విప్పి ఆకులు ఇచ్చాడు. పంతులు మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఈసారి పైకే చదివాడు. కుంటి కాళి పేరు దగ్గర నోరు వంకర తిప్పాడు. అది నవ్వేనని జానయ్య అనేవాడు. కాదని తాత అనేవాడు.

"ముందుది గూడ రాయి," అన్నాడు పంతులు చివరికి. "నీకు నోటికొచ్చు. నాకు యాదికున్నకాడికి నేను చెప్త."

"చివర ఏం జేయాలె?"

"అచ్చుల ఉన్నది ఉన్నట్టు రాయి. నీది ఎనక పెట్టు. పైన నీ పేరు రాయి. ఎవరిది ఏదో సదివేటోళ్లకు తెల్వాలె."

అలా తాత రెండో పందెం కట్టుకున్నాడు. ఈసారి నూటా అరవై పేజీలు. బద్ద ఎప్పుడో విప్పారు గానీ వేలు వంకరగానే అతుక్కుంది, రాత అలాగే స్థిరపడింది. అయిదున్నర నెలల్లో నాలుగు రోజులు తప్పింది. ఒక రోజు మా నాయనకు జ్వరం, మూడు రోజులు సోదాలు. తప్పిన రోజులు కలుపుకోవాలా వద్దా అని జానయ్యతో తగాదా మళ్లీ మొదలైంది.

రాయడమైపోయాక ఇక మోతె తప్పలేదు. తాత ఒక్కడే పోయాడు. సక్కుబాయి బండ్లబాట దగ్గరే ఉంది, పక్కన ముంత. పద్మమ్మ రాలేదు. తాత నిలబడే చెప్పాడట, కూర్చుంటే చెప్పలేనని. అచ్చు పుస్తకంలో పిల్ల బావిలో దూకిందని, బయటికి రావడం తన సొంత రాతని, ఆమెను మోసం చేశానని చెప్పాడు.

సక్కుబాయి ముంతలోని నీళ్లు ఆయనకే ఇచ్చింది.

"నాకు తెల్వదా తమ్మీ? ఆ రోజు ఇనంగనే తెల్సె. అచ్చు పుస్తకం రాసినోనికి గన్ని గొర్ల పేర్లు ఎక్కడ తెలుస్తయి?"

"మరి గీడ ఎందుకు కూసుంటున్నవ్ అక్కా?"

"యాడనో ఓ కాడ కూసోవాలె గద," అంది. తర్వాత చేతిలోని కట్ట చూసి, "రెండూ తెచ్చినవా? బావిది ముందు సదువు, ఇంటుంట. నీది ఎనక సదువు," అంది.

ఆయన బాట పక్కనే కూర్చుని రెండూ చదివాడు. నీళ్లు తాగకుండా చదివానని చెప్పేవాడు గానీ, ముంతెడు నీళ్లు తాగి మొదలుపెట్టాడని నాకు తెలుసు.

ఆ కట్ట ఇప్పుడు మా ఇంట్లో ఉంది. అంచులు పురుగు తిన్నాయి, అక్షరాలు అలాగే ఒరిగి నడుస్తున్నాయి. నేను బావి పేజీ చదివి, వెంటనే తాత పేజీ చదువుతాను. చదివి మేకలకు అందనంత ఎత్తున, అటక మీద పెడతాను.